సెల్‌ఫోను బేరాలు: వేగం ఒక్కటే చాలదు

మినుముల ధర తెలుసుకోవడానికి విజయవాడ వర్తకుడు ఇప్పుడు కొట్టు తలుపు తీసేదాకా ఆగనక్కరలేదు. చెన్నై రేవులో దిగిన బర్మా మినుముల ధర, డెల్టా గ్రామాల్లో రైతు చెబుతున్న ధర, మిల్లువారు ఇస్తామంటున్న ధర మూడూ పొద్దుటి కాఫీ వేళకే అతని సెల్‌ఫోనులో వుంటున్నాయి. ఒకప్పుడు ఈ మూడు కబుర్లకూ ట్రంక్ కాల్ బుక్ చేసి, ఎక్స్ఛేంజి నుంచి గంట మోగేదాకా గుమాస్తాను టెలిఫోను పక్కనే కూర్చోబెట్టవలసి వచ్చేది. మరీ అవసరమైతే టెలిగ్రాం ఇచ్చేవారు. ఆ టెలిగ్రాం సర్వీసు కూడా 2013 జూలైలో ముగిసిపోయింది.

అయితే బేరం వేగం పెరిగినంతగా బేరం భద్రత పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. ధర తెలుసుకోవడం, సరుకు మాట్లాడుకోవడం, డబ్బు పంపడం అన్నీ ఒకే పరికరంలో జరుగుతున్నప్పుడు, మాట తప్పితే ఏది ఆధారం, డబ్బు నిజంగా ముట్టిందనడానికి ఏది గుర్తు అన్న రెండు విషయాలను వర్తకుడే తేల్చుకోవలసి వున్నది. ఫోను ఆ పని తనంతట తాను చేసిపెట్టదు.

ఇందులో ఎంత డబ్బు ఇమిడి వున్నదో చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఉదాహరణకు మినుములు క్వింటాలు రు. 8,000 అనుకుందాం. 100 క్వింటాళ్ల లారీ లోడు విలువ రు. 8 లక్షలు. ఖర్చులు పోను వర్తకునికి క్వింటాలుకు రు. 50 మిగిలితే లోడు మీద లాభం రు. 5,000. సరుకు చేరిన తరువాత కొన్నవారు ఒక్క శాతం తరుగు కోస్తామంటే పోయేది రు. 8,000. అంటే ఒక్క శాతం తగాదాతో లాభమంతా పోయి, చేతి నుంచి మరో రు. 3,000 పెట్టుకోవలసి వస్తుంది. ఫోనులో అయిదు నిమిషాలు ఆదా చేసుకున్నందుకు ఇది ఖరీదైన మూల్యమే.

పదహారు నెలలు కాదు, మూడు దశాబ్దాలు

దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి శ్రీ జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి శ్రీ సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. తొలి రోజుల్లో మనం చేసిన కాలుకే గాక మనకు వచ్చిన కాలుకు కూడా రుసుం పడేది. 2003 మే నెల నుంచి వచ్చే కాల్స్ ఉచితం కావడంతో సెల్‌ఫోను షావుకారు జేబులోంచి హమాలీ జేబులోకి, రైతు జేబులోకి కూడా వచ్చింది. వర్తకానికి అసలు మలుపు అదే.

డబ్బు మాత్రం ఆ తరువాతే ఫోను ఎక్కింది. ఫోను ద్వారా ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు అప్పటికప్పుడు సొమ్ము పంపే ఐఎంపీఎస్ పద్ధతి 2010 నవంబరులో ప్రారంభమైంది. 2016 ఏప్రిల్ 11న యూపీఐ వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేతిలో రొక్కం లేక, బ్యాంకుల ముందు వరుసలు కదలక, అప్పటిదాకా ఫోను చెల్లింపులను పట్టించుకోనివారు కూడా వాటివైపు మళ్లారు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుపై దుకాణదారు బ్యాంకుకు ఇవ్వవలసిన రుసుమును తీసివేయడంతో టీ బడ్డీ దాకా క్యూఆర్ కోడ్ అట్టలు వేలాడాయి.

ధర తెలియడం వేరు, ధర పలకడం వేరు

ఫోను వల్ల మార్కెట్టుకు కలిగే మొదటి ప్రయోజనం ధరల సమాచారం. దీనికి తరచు చెప్పే దృష్టాంతం కేరళ తీరంలోని మత్తి చేపల వ్యాపారం. 1997 నుంచి 2001 దాకా అక్కడి రేవుల్లో ధరలను పరిశీలించిన ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో తన ఫలితాలను ప్రకటించారు. సెల్‌ఫోను రాకముందు ఒక రేవులో చేపలు కొనేవారు లేక పారబోస్తుంటే, కొద్ది మైళ్ల దూరంలోని మరో రేవులో కొనేవారికి చేపలు దొరికేవి కావు. ఫోను వచ్చాక జాలరులు నడిసముద్రం నుంచే ధర విచారించి పడవను తగిన రేవుకు తిప్పారు. రేవుల మధ్య ధరల తేడా తగ్గింది. పారబోత దాదాపు లేకుండా పోయింది. జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగితే, వినియోగదారు కొనే ధర 4 శాతం తగ్గింది.

కాని ఇదే ఫలితం అన్ని సరుకులకూ వస్తుందనుకుంటే పొరపాటు. మహారాష్ట్రలో రైతులకు ధరలను సందేశాల రూపంలో పంపే సేవను మార్సెల్ ఫాచాంప్స్, బార్ట్ మింటెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 100 గ్రామాల్లో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. సందేశాలు అందుకున్న రైతులకు సగటున చెప్పుకోదగిన అధిక ధర రాలేదని తేలింది.

ఈ రెండింటి మధ్య తేడా వర్తకులకు కొత్త కాదు. జాలరి పడవ తిప్పగలడు. సరుకు ఎటుపోవాలన్నది అప్పటికింకా అతని చేతిలోనే వున్నది. సరుకు ఇంకొకరి గోడౌనుకు చేరాక, లేదా అప్పు తీసుకున్న చోటే అమ్మవలసిన స్థితిలో వున్నవానికి ధర తెలిసినా దానివల్ల ఒరిగేది స్వల్పం. కైకలూరు ప్రాంతపు చేపల వ్యాపారికి హౌరా ధర లారీ బయలుదేరకముందు తెలిస్తేనే ప్రయోజనం. ఐస్ వేసి లారీ కదిలాక తెలిస్తే అది వార్త మాత్రమే. కనుక ధర విచారణ లోడింగుకు ముందే ముగించుకోవాలి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ధరల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. అమ్మేవారు అడుగుతున్న ధర, కొనేవారు ఇస్తామన్న ధర, నిజంగా కుదిరిన ధర మూడూ వేర్వేరు. గ్రూపులో వచ్చేది చాలావరకు మొదటిదే. ఎంత సరుకు, ఏ రకం, రొక్కానికా, అరువుకా అన్నది లేని ధరను ధరగా లెక్కించకూడదు. కుదిరిన బేరాల ధరలను సరుకువారీగా, తేదీవారీగా తన చిట్టాలో రాసుకునే వర్తకుడు, నెల తిరిగేసరికి ఏ గ్రూపు మాట నమ్మదగినదో తానే తేల్చుకోగలడు.

బేరం ఎక్కడ కుదిరినట్టు?

టెలిఫోను బేరం చట్టం ముందు నిలబడుతుందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1965లోనే జవాబు చెప్పింది. ఆ కేసు కూడా సరుకుల వ్యాపారానిదే కావడం విశేషం. 1959 జూలైలో అహమ్మదాబాదులోని ఒక సంస్థ ఖాంగావ్‌లో వున్న సంస్థతో టెలిఫోనులో పత్తిగింజల చెక్క కొనుగోలు మాట్లాడుకున్నది. సరుకు రాలేదు. దావా ఏ వూరి కోర్టులో వేయాలన్నది వివాదమైంది. ఉత్తరం ద్వారా అంగీకారం తెలిపితే ఉత్తరం పోస్టు చేసిన చోట ఒప్పందం కుదిరినట్టు లెక్క. టెలిఫోనులో మాత్రం అంగీకారం ఎక్కడ వినిపించిందో అక్కడే ఒప్పందం కుదిరినట్టని మెజారిటీ న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ విధంగా అహమ్మదాబాదు కోర్టుకు విచారణాధికారం వచ్చింది.

సందేశాల విషయానికి వస్తే, ఎలక్ట్రానిక్ రూపంలో వుంది కాబట్టి ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదని సమాచార సాంకేతిక చట్టంలో 2009 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన 10-ఎ సెక్షను చెబుతున్నది. వేరే ఒప్పందం లేకపోతే, సందేశం పంపినవారి వ్యాపార స్థలం నుంచి వెళ్లినట్టు, అందుకున్నవారి వ్యాపార స్థలంలో అందినట్టు అదే చట్టంలోని 13వ సెక్షను భావిస్తుంది. అప్పుడు సదరు వర్తకుడు రైలులో వున్నా, తిరుపతి కొండ మీద వున్నా తేడా లేదు.

అంగీకారం మాటల్లోనే వుండాలని కూడా లేదు. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే సంస్థ ఒకటి 2021లో అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫొటో తీసి రైతు ఫోనుకు పంపి, ఖాయం చేయమని కోరింది. రైతు బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. తరువాత ధర పెరిగింది. సరుకు రాలేదు. ఒప్పందం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పంపానని రైతు వాదించాడు. అంతకుముందు బేరాల్లో కూడా అతను సందేశాల ద్వారా క్లుప్తంగా అంగీకారం తెలిపి సరుకు తోలిన సంగతిని గమనించిన కోర్టు, 2023 జూన్‌లో ఆ బొమ్మను సంతకంతో సమానంగా పరిగణించి, 82,000 కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం విధించింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కరలేదు. కాని ఆలోచించకుండా బొమ్మ పంపే అలవాటు వున్నవారికి ఇది హెచ్చరిక.

ఖాయం చీటీ

మాట బేరం పూర్తయిన అరగంటలోగా రెండు పక్షాలకూ ఒకే సందేశం వెళ్లాలి. బ్రోకరు మధ్య వుంటే అది అతని బాధ్యత. వెనుకటి రోజుల్లో బ్రోకరు ఇచ్చే బేరం చీటీకి ఇది కొత్త రూపం. అందులో సరుకు, రకం, పరిమాణం, సంచి తూకం, ధర ఎక్కడి వద్ద, తేమ, ఎవరి కాటా, కిరాయి ఎవరిది, డబ్బు ఎప్పుడు అన్నవి వుండాలి. ఒక నమూనా ఈ విధంగా వుండవచ్చు:

“మినుములు, ఈ ఏటి పంట, 100 క్వింటాళ్లు, 50 కిలోల గోనె సంచులు. విజయవాడ గోడౌను వద్ద నికర తూకం క్వింటాలు రు. 8,000. తేమ, మట్టి చూపిన శాంపిలు ప్రకారం. లోడింగు కాటా ఖాయం. కిరాయి కొన్నవారిది. సరుకు ముట్టిన 7 రోజుల్లో ఆర్టీజీఎస్. వివాదాలు విజయవాడ కోర్టులో. ఒప్పుకుంటే ‘ఖాయం’ అని జవాబు ఇవ్వగలరు.”

ఈ సందేశం తయారుచేయడానికి రెండు నిమిషాలు పట్టదు. కాని పైన చెప్పిన ఒక్క శాతం తగాదాకు ఇందులో ముందే జవాబు వున్నది. కాటా ఎవరిదో తేలిపోయింది గనుక దారిలో తరుగు ఎవరి నెత్తిన పడుతుందో కూడా తేలినట్టే.

ధాన్యం, బియ్యం వ్యాపారంలో ఈ అవసరం మరీ ఎక్కువ. మార్టేరు రకాల్లో 1061, 1064 అనేవి రెండు వేర్వేరు రకాలు. ఫోనులో వినేటప్పుడు ఒక్క అంకె తప్పితే సరుకే మారిపోతుంది. బస్తా అంటే ధాన్యంలో 75 కిలోలు కాగా, మిల్లు బియ్యం సంచి అందుకు చాలా చిన్నది. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా సంచులపై 5 శాతం జీఎస్టీ విధించాక 26 కిలోల సంచులు కూడా మార్కెట్టుకు వచ్చాయి. “వంద సంచులు” అన్న మాటలో తూకమూ తెలియదు, పన్నూ తెలియదు. బస్తాలు కాక క్వింటాళ్లు రాయడం మేలు.

వివాదం కోర్టుకే వెళితే, 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఫోను సందేశాన్ని సాక్ష్యంగా చూపడానికి నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం పరికరం అధీనంలో వున్నవారు, మరో భాగం నిపుణుడు పూర్తిచేయాలి. కనుక బేరం తాలూకు సందేశాలను చెరిపివేయకూడదు. వారం రోజులకు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టుకోకూడదు. ఫోను మార్చినప్పుడు పాతది పారవేయకుండా, అందులోని సమాచారాన్ని మరోచోట భద్రపరచుకోవాలి.

కొట్టు తరఫున ఎవరి మాట చెల్లుతుందన్నది కూడా ముందే చెప్పి వుంచాలి. గుమాస్తా తన సొంత ఫోను నుంచి “సరే” అన్నది యజమాని మాటా కాదా అన్న తగాదా తరచు వస్తుంది. బేరాలకు కొట్టు పేరున ఒక నంబరు పెట్టుకుని, ఆ నంబరు నుంచి వచ్చిన ఖాయమే ఖాయమని పార్టీలందరికీ తెలియజేస్తే ఈ చిక్కు వుండదు.

ఫొటో శాంపిలు కాదు

చీరల వర్తకానికి ఫొటో చాలావరకు పనికివస్తుంది. వస్త్రలతలో కూర్చున్న వర్తకుడు కొత్త డిజైను ఫొటో పంపితే గుడివాడలోని దుకాణదారు రంగు, అంచు చూసి ఆర్డరు ఇవ్వగలడు. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టు నుంచి కంపెనీ పేరున్న సబ్బులు, నూనె ప్యాకెట్లు తెప్పించుకునే కిరాణా వర్తకునికి ఫొటో కూడా అక్కరలేదు, పేరు చాలు. 2018 జనవరిలో మన దేశంలో విడుదలైన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల జాబితా పెట్టుకునే వీలున్నది. చిన్న వూళ్ల దుకాణదారుల ఆర్డర్లు ఆ జాబితా పేర్లతోనే తీసుకుంటే చీటీ చదవడంలో పొరపాట్లు తగ్గుతాయి.

మినుములు, పసుపు, మిర్చి, ధాన్యం సంగతి వేరు. ఫొటోలో తేమ కనిపించదు. ధాన్యం మద్దతు ధరకు తేమ 17 శాతం మించరాదన్న నిబంధనను ఏ ఫొటోతోనూ తేల్చలేము. వెలుగు మారితే పసుపు కొమ్ము రంగు మారుతుంది. పురుగు కొట్టిన గింజ సంచి అడుగున వుంటుంది. ఈ సరుకుల్లో ఫోను బేరానికి శాంపిలు సంచి ముందు వెళ్లాలి, లేదా ఉభయులకూ నమ్మకమైన పరీక్ష వుండాలి.

దుగ్గిరాల పసుపు యార్డులో ఈ సూత్రమే కనిపిస్తుంది. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ జాతీయ వ్యవసాయ మార్కెట్టులో చేరిన యార్డుల్లో దుగ్గిరాల ఒకటి. దేశంలో వెయ్యికి పైగా యార్డులు ఇందులో చేరాయి. సరుకును లాట్లుగా నమోదు చేసి, నాణ్యత పరీక్షించి, ఆ వివరాలు చూపితే వర్తకుడు ఫోను మీదనే ధర వేయవచ్చునన్నది ఏర్పాటు. పరీక్ష ఎంత నమ్మకంగా వుంటే అంత దూరం నుంచి ధర పడుతుంది. పరీక్ష మీద నమ్మకం లేనిచోట వర్తకుడు యార్డుకు స్వయంగా వచ్చి కొమ్ము విరిచి చూసుకోక మానడు.

ఫొటోకు అసలు ఉపయోగం వేరేచోట వున్నది. లారీ నంబరు, లోడైన సరుకు, కాటా చీటీ, బిల్లు, దించేటప్పుడు సంచుల స్థితి, తడిసిన బస్తాలు వంటివాటిని అక్కడికక్కడే ఫొటో తీసి ఎదుటివారికి పంపితే, తరువాత మాట మారడానికి వీలుండదు. రు. 50,000 మించిన సరుకుకు, మినహాయింపు వున్నవి తప్ప, ఈ-వే బిల్లు అవసరం. రాష్ట్రం లోపలి రవాణాకు ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2018 ఏప్రిల్ 15న మొదలైంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు వుంటుంది. దారిలో లారీ చెడి మరో లారీలోకి సరుకు మార్చితే, కొత్త నంబరును ఫోను నుంచే నమోదు చేయవచ్చు. చేయకపోతే తనిఖీలో లారీ ఆగుతుంది, సరుకు నలుగుతుంది.

డబ్బు ముట్టినట్టు ఎప్పుడు?

2025 ఆగస్టులో ఒక్క నెలలో దేశంలో యూపీఐ చెల్లింపులు 2,000 కోట్ల సంఖ్యను దాటాయి. వాటి విలువ సుమారు రు. 24.85 లక్షల కోట్లు. భాగించి చూస్తే ఒక్కో చెల్లింపు సగటున రు. 1,240. అంటే యూపీఐ ప్రధానంగా చిల్లర వర్తకపు నాణెం. వ్యక్తుల మధ్య చెల్లింపులకు సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు. లారీ లోడుకు అది చాలదు.

టోకు వర్తకానికి తగినది ఆర్టీజీఎస్. దీనికి కనీస మొత్తం రు. 2 లక్షలు. 2020 డిసెంబరు 14 నుంచి ఇది రాత్రింబవళ్లు, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తున్నది. అంతకు తక్కువ మొత్తాలకు నెఫ్ట్ కూడా 2019 డిసెంబరు నుంచి అదే విధంగా అందుబాటులో వున్నది. “ఈరోజు ఆదివారం, రేపు వేస్తాం” అన్న జవాబుకు ఇప్పుడు ఆధారం లేదు.

జమ విషయంలో ఒకే నియమం పాటించాలి. ఎదుటివారు పంపిన స్క్రీను ఫొటో రసీదు కాదు. అలాంటి ఫొటోను తయారుచేయడం కష్టం కాదు. సొంత బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే గోడౌను తాళం తీయాలి. లారీ ఇంజను ఆన్ చేసి వున్నదని తొందరపడకూడదు.

డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కరలేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోబోతున్నదని అర్థం. “సొమ్ము పంపమని” ఫోనుకు అభ్యర్థన పంపి మోసం చేసే పద్ధతి బాగా పెరగడంతో, వ్యక్తుల మధ్య అలాంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేశారు. 2025 జూన్ ఆఖరు నుంచి యూపీఐలో చెల్లించేముందు బ్యాంకు రికార్డులోని అసలు పేరే కనిపించాలి. పెద్ద మొత్తం పంపేముందు ఆ పేరు చదివి తీరాలి. కొట్టు ముందు అంటించిన క్యూఆర్ అట్ట మీద మరెవరో తమ అట్ట అంటించే మోసం కూడా వున్నది. పొద్దున కొట్టు తెరవగానే ఒక్క రూపాయి పంపి పేరు సరిచూసుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

వీటన్నిటి కంటె వర్తకుని కుంగదీసేది ఖాతా స్తంభన. మోసగాళ్లు కాజేసిన సొమ్ము చేతులు మారుతూ వచ్చి సరుకు అమ్మిన వర్తకుని ఖాతాలో పడితే, పోలీసుల సూచనపై బ్యాంకు ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు మొత్తం ఖాతానే నిలిపివేయవచ్చు. వర్తకుని తప్పు లేకపోయినా చెక్కులు తిరుగుతాయి, రైతు బాకీ నిలిచిపోతుంది. దీనికి విరుగుడు ఒక్కటే. బేరం ఎవరితో కుదిరిందో వారి సంస్థ ఖాతా నుంచే డబ్బు తీసుకోవాలి. “మా స్నేహితుడు వేస్తాడు” అన్న జమను ఒప్పుకోకూడదు. ప్రతి జమకూ బిల్లు, బేరం సందేశం, కాటా చీటీ జతగా వుంటే ఖాతా విడిపించుకోవడం తేలికవుతుంది. తానే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు, బ్యాంకుకు తెలియజేయాలి. సొమ్ము చేతులు మారేలోగా పట్టుకునే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఫోను రాసే చిట్టా

రొక్కానికి వాసన లేదంటారు గాని ఫోను సొమ్ముకు అడుగుజాడ వుంటుంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్యపన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా, ఏటా రు. 40 లక్షలు మించిన చిన్న దుకాణదారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. వారిలో పన్నులేని పాలు, కూరగాయలు అమ్మేవారు కూడా వున్నారు. ఏది అమ్మకం, ఏది చేబదులు, ఏది ఇంటి సొమ్ము అని విడదీసి చూపలేనివారు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. కొట్టు ఖాతా, ఇంటి ఖాతా వేరుగా వుండాలన్న పాత నీతికి ఇది కొత్త కారణం.

మరోవైపు రొక్కానికి పరిమితులు వున్నాయి. ఒకరి నుంచి ఒక రోజులో, లేదా ఒకే వ్యవహారంలో రు. 2 లక్షలు, అంతకు మించి రొక్కం తీసుకోరాదన్న నిబంధన 2017 ఏప్రిల్‌లో వచ్చింది. వ్యాపార ఖర్చు కింద ఒకరికి ఒక రోజులో రు. 10,000 మించి రొక్కం ఇస్తే ఆ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో చెల్లదు. లారీ కిరాయికి ఈ పరిమితి రు. 35,000. రైతుకు అతని పంట సొమ్ము ఇచ్చే విషయంలో మినహాయింపు వున్నది. అయినప్పటికీ రైతు ఖాతాకే పంపడం ఉభయతారకం. రైతు దగ్గర బటన్ ఫోను మాత్రమే వున్నా, 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే వంటి ఏర్పాటు వుంది.

ఫోను వ్యవహారానికి రైతు అలవాటుపడడంలేదన్న మాట కూడా ఇక చెల్లదు. 2024 నవంబరులో రాష్ట్ర పౌరసరఫరాల శాఖ, ధాన్యం అమ్మదలచిన రైతు వాట్సాప్‌లో “హాయ్” అని పంపి, కొనుగోలు కేంద్రం, తేదీ, వేళ, ధాన్యం రకం, బస్తాల సంఖ్య నమోదు చేసుకునే పద్ధతి పెట్టింది. సర్కారు కేంద్రంలో వేళ ఖాయం చేసుకోగలిగిన రైతు, ప్రైవేటు వర్తకుని వద్ద కూడా అదే ఖాయాన్ని కోరతాడు. “రేపు రా” అనే కొట్టుకు సరుకు తగ్గుతుంది.

ఫోను ఆగిన రోజు

2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ దేశవ్యాప్తంగా అంతరాయానికి గురైంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలో వున్నాయి. అలాంటి రోజున కాగితపు చిట్టా తడుస్తుంది, ఫోను చార్జింగు అయిపోతుంది. ఏ ఒక్కదాన్నీ నమ్ముకోకుండా బాకీల పట్టిక ఒక ప్రతి కాగితం మీద, ఒక ప్రతి వేరే వూళ్లోనో, ఆడిటరు వద్దనో వుండడం క్షేమం. రెండు బ్యాంకుల్లో ఖాతాలు, కొద్దిపాటి రొక్కం, నాలుగు చెక్కులు అందుబాటులో వుంచుకోవాలి. సిమ్ హఠాత్తుగా పనిచేయకపోతే సిగ్నలు లేదనుకుని వూరుకోకుండా, ఎవరైనా నకిలీ సిమ్ తీశారేమోనని వెంటనే విచారించాలి.

రోజు చివర కొట్టు కట్టేముందు పావుగంట కేటాయిస్తే చాలు. ఆనాటి బేరాల సందేశాలు, బ్యాంకు జమలు, కాటా చీటీలు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసి, చిట్టాలోకి ఎక్కించి, ఆవర్జాలో ఆయా పార్టీల ఖాతాల్లో వేయాలి. మూడూ కలవని పద్దు ఏదైనా వుంటే మర్నాడు పొద్దున మొదటి ఫోను ఆ పార్టీకే చేయాలి. నెల తరువాత చేసే ఫోనుకు తగాదా జవాబు వస్తుంది. మర్నాడు చేసే ఫోనుకు లెక్క జవాబు వస్తుంది.